లాంతరోళ్ళ పాటలో సాయవ్వ వంతు

కోరుట్లలో ఆ రోజుల్లో రాక్ పాటల మీద స్థిరమైన అభిప్రాయం ఉన్న మనిషి ఒక్కతే. పేరు సాయమ్మ. మేమంతా సాయవ్వ అనేవాళ్ళం. బీడీలు చుట్టేది. ఇంగ్లీషు ముక్క రాదు, తెలుగులోనూ వేలిముద్రే. మిగతా మేము ముగ్గురం కూడా అభిమానులమే కానీ, ఈ వారం నెత్తికెత్తుకున్న బ్యాండును వచ్చే వారం తిట్టిపోసే రకం. సాయవ్వ అలా కాదు. ఒకే బ్యాండు, ఆ బ్యాండులో ఒకే పాట, ఆ పాటలో ఒకే చోటు. అక్కడ ఆమెను కదిలించడం ఎవరి తరమూ కాలేదు. అదేం చోటో చెప్పడానికే ఇది రాస్తున్నాను. రాయడం నా పని కాదు, క్యాసెట్లు నింపడం నా పని. తప్పులుంటే సర్దుకు చదువుకోండి.

నా పేరు మొగిలయ్య. బస్టాండు వెనక సందులో నా దుకాణం. సినిమా పాటలు, ఒగ్గు కథలు, దేవుడి పాటలు, ఎవరికేది కావాలంటే అది నింపి ఇచ్చేవాణ్ణి. దుబాయ్ పోయేవాడు, మస్కట్ పోయేవాడు నా మెట్టెక్కకుండా బొంబాయి బస్సెక్కేవాడు కాదు. పాటలే కాదు, మాటలు కూడా నింపేవాణ్ణి. ఉత్తరం రాయడం రాని ఇళ్ళు ఎక్కువ, ఫోను అంటే అరుదు. అందుకని ఇంటివాళ్ళు నా దుకాణంలో కూర్చుని మాటలు నింపి, సెలవు మీద వచ్చి తిరిగిపోయేవాడి సంచిలో ఆ క్యాసెట్ వేసేవాళ్ళు. అటునుంచి జవాబూ అలాగే వచ్చేది.

ఈ మాటల క్యాసెట్లకు ఒక మర్యాద ఉండేది. ఏదైనా అడిగితే కాసేపు ఆగాలి. దుబాయ్‌లో కొడుకు "అవ్వా, పానం మంచిగున్నదా?" అని అడిగి నోరు మూసుకుని కూర్చునేవాడు. టేపు ఉత్తదే తిరుగుతూ ఉండేది. ఇక్కడ టేపు పెట్టె ముందు తల్లి "మంచిగున్న కొడుకా, నీకెట్లున్నది?" అని నిజంగానే జవాబు చెప్పేది. అప్పుడు కొడుకు గొంతు "మంచిదే అవ్వా" అని అందుకునేది. ఎన్నడో నింపిన క్యాసెట్ కదా, జవాబు ఎలా చేరుతుందని ఎవరూ ఆలోచించలేదు. నాకు మాత్రం టేపు దండగ అనిపించేది. ఒకసారి ఒకామెను, కాపీ తీసేటప్పుడు ఆ ఖాళీలు తీసెయ్యనా అని అడిగాను. "మీ ఇంట్ల ఎవ్వలన్న ఏదన్న అడిగితె జవాబు జెప్పకుంటనే తిరుగుతరా మొగిలీ?" అని గడ్డి పెట్టి పోయింది. ఆ తర్వాత ఎవరినీ అడగలేదు.

ఇక మా అభిమానుల గుంపు. దీన్ని మొదలుపెట్టింది సాయవ్వ కొడుకు వీరేందర్. వాళ్ళది తంగళ్ళపల్లి. తండ్రి ఆగయ్య మోకు కట్టుకుని కల్లుకు తాడిచెట్లెక్కేవాడు, వీరేందర్ చిన్నగా ఉన్నప్పుడే పోయాడు. వీరేందర్ మోకు ముట్టకుండా సిరిసిల్ల పోయి సాంచాల మీద కుదిరాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. ఒక షెడ్డులో అన్ని సాంచాలూ ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కవాడి మాట వినపడదు. పెదాలు చూసి, వేళ్ళు చూసి మాట్లాడుకుంటారు. ఆ షెడ్డులో టేపురికార్డరు ఒకటి ఉండేది. ఏ పాట పెట్టినా మోతలో మునిగిపోయేది. ఎవరో దుబాయ్ నుంచి తెచ్చిన ఒక క్యాసెట్ పెడితే మాత్రం మునగలేదట. కోరుట్లలో మేనమామ ఇంటికి వచ్చినప్పుడు ఆ క్యాసెట్ జేబులో పెట్టుకుని నా దుకాణానికి వచ్చాడు.

"అన్నా, గిది జూడు. గీ పాట సాంచాలకు బెదురుతలేదు. మోత మీదికెక్కి కూసున్నది!" అన్నాడు. గట్టిగా అరిచినట్టు మాట్లాడేవాడు. షెడ్డులో పని చేసి చేసి చెవులు కాస్త మందగించాయి. తాను అరుస్తున్నట్టు అతనికి తెలియదు.

ఆ క్యాసెట్ అట్ట మీద లాంతరు బొమ్మ. బ్యాండు పేరు చదవడం మాకు రాదు కనుక వాళ్ళు మాకు లాంతరోళ్ళయ్యారు. తర్వాత దొరికినవాళ్ళకూ అట్టను బట్టే పేర్లు పెట్టాం. నక్కోళ్ళు, బావి బొమ్మోళ్ళు, మూడు కండ్లోళ్ళు. జగిత్యాల నుంచి సాకేత్ రావు మా గుంపులో కలిశాక అసలు పేర్లు చదివి చెప్పాడు కానీ అవి మా నోటికి పట్టలేదు. చివరికి అతనే మా దారికి వచ్చాడు. సాకేత్ వాళ్ళు మల్యాల దగ్గర ఒక ఊరికి దొరలు. నక్సలైటు అన్నల కాలంలో గడీకి తాళం వేసి జగిత్యాలలో అద్దె ఇంట్లో దిగారు. అతని చదువు సగంలో ఆగింది. జగిత్యాల బస్సెక్కి కోరుట్ల వచ్చి నా బెంచీ మీద కూర్చోవడమే అప్పటికి అతని ఉద్యోగం. మూడోవాడు ముత్తయ్య. పెళ్ళిళ్ళకు మైక్‌సెట్టు కట్టేవాడు.

మాకు తెగని పంచాయితీ ఒకటే. క్యాసెట్ గొప్పదా, ఎదురుగా నిలబడి వినేది గొప్పదా అని. మాలో ఒక్కడూ ఒక్క కచేరీ చూసిన పాపాన పోలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అయినా గొంతులు చించుకునేవాళ్ళం.

"లైవంటె మైక్‌సెట్టే. మైక్‌సెట్టు మంచిగుంటె గాడిద గూడ పాటగాడే" అనేవాడు ముత్తయ్య.

"నీ పెండ్లిల్ల ముచ్చట్లు గీడ జెప్పకు. లైవ్‌ల తప్పులు పోతయి జూడు, గా తప్పులకే పోవాలె" అనేవాడు సాకేత్.

నేను క్యాసెట్ పక్షం. దుకాణదారుణ్ణి కదా, వేరే ఎలా ఉంటాను. "లైవ్‌ను మల్ల ఎనుకకు తిప్పుతవా? క్యాసెట్టయితె తిప్పుకోవచ్చు" అనేవాణ్ణి. 

ఇంతలో సిరిసిల్లలో సాంచాల మోత తగ్గుతూ వచ్చింది. గుడ్డ కొనేవాడు లేడు, నూలు ఇచ్చేవాడు లేడు. మోత ఉన్నన్నాళ్ళూ చెవులు పోతున్నాయని తిట్టుకున్నవాళ్ళే, ఆగిన తర్వాత ఇంట్లో నిద్రపట్టక గడపల్లో కూర్చున్నారు. కొందరు భీవండి పోయారు. కొందరు ఎక్కడికీ పోకుండానే పోయారు. వాళ్ళ ముచ్చట నేను చెప్పలేను, నా వల్ల కాదు. వీరేందర్ దుబాయ్ దారి పట్టాడు. పోయే ముందు తల్లిని తెచ్చి నా దుకాణం పక్క గదిలో పెట్టాడు. కోరుట్లలో బీడీల పని దొరుకుతుంది, తమ్ముడి ఇల్లూ దగ్గరే.

"అన్నా, అవ్వను జూసుకో. క్యాసెట్టు పంపుత, వినిపియ్యి" అన్నాడు. ఆ మాట సందు చివరి దాకా వినపడింది.

క్యాసెట్ వచ్చింది. సాయవ్వ ఒడిలో చేట పెట్టుకుని, చేటలో తునికాకు, తంబాకు, దారం పెట్టుకుని, నా దుకాణం మెట్టు మీద కూర్చుంది. ముత్తయ్య, సాకేత్ బెంచీ మీద. నేను పెట్టె నొక్కాను.

"అవ్వా, మొగిలన్నా, నేను లాంతరోళ్ళ తాన పని జేస్తున్న! ఉత్తగ జెప్తలేను! వాళ్ళు దుబాయ్ అచ్చిన్రు. వాళ్ళకు మేమే స్టేజి కట్టినం. ఇనుప పైపులు, తాడిచెట్టంత ఎత్తు. నేనే పైకెక్కిన అవ్వా, బాపు లెక్కనే."

మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కుళ్ళు అంటారే, అదే. తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఆట మొదలయ్యే ముందే పనివాళ్ళందరినీ బస్సెక్కించి బయటికి పంపేశారు. గోడ వెనక బస్సు ఆపి దిగిన డ్రైవరు ఇంకా రాలేదు. "ఇగో, సురువైంది. ఇను" అని టేపురికార్డరు కిటికీ బయట పెట్టాడు. గోడ అవతల నుంచి లాంతరోళ్ళు వినపడ్డారు. సగం గాలి, సగం పాట.

లాంతరోళ్ళ గొప్పంతా ఒక పాటలో ఉంది. నడుమ డ్రమ్ములు మూడు దఫాలు ఉరుముతాయి. మూడో దఫా అయిపోగానే మొత్తం బంద్. కరెంటు పోయిందా అనిపించేంత సేపు ఆగుతారు. అప్పుడు గిటారు ఒక్కటే నెమ్మదిగా అందుకుంటుంది. ఆ రోజు గోడ అవతల డ్రమ్ములు మూడుసార్లు ఉరిమి ఆగాయి. ఆ నిశ్శబ్దంలో, ఇంత దగ్గరగా, వీరేందర్ గొంతు వచ్చింది.

"అవ్వా, ఇంటున్నవా?"

సాయవ్వ చేతిలో ఆకు ఆగింది. "ఇంటున్న కొడుకా" అంది. గిటారు అందుకుంది.

ఆ రోజు నుంచి ఆమెకు అదే పాట. పొద్దున బీడీ కార్ఖానాలో కట్టలు అప్పజెప్పి వచ్చి మెట్టు మీద కూర్చుని, "మొగిలీ, లాంతరోళ్ళను పెట్టు" అనేది. నేను పెట్టేవాణ్ణి. మూడో ఉరుము దగ్గర వీరేందర్ అడిగేవాడు, ఆమె చెప్పేది. క్యాసెట్ అరిగిపోతుందని కాపీ తీసి వినిపించాను. రెండు నిమిషాలు విని తల అడ్డంగా ఊపింది. "గిండ్ల వాని గొంతు పల్సగైంది. అసలుదే పెట్టు" అంది. నేనూ చెవి పెట్టి విన్నాను. నాకేం తేడా తెలియలేదు, అయినా అసలుదే పెట్టాను. నక్కోళ్ళను పెడితే "వీళ్ళు ఆగరు. ఆగకపోతె మనమెట్ల మాట్లాడాలె?" అని ఒక్క మాటలో కొట్టిపారేసేది. నవ్వాం. నవ్వినవాళ్ళమే, రానురాను ఆ చోటు రాగానే మాటలు ఆపేసేవాళ్ళం. బేరానికి వచ్చినవాడు ఏదో అడగబోతే ముత్తయ్య చెయ్యి అడ్డం పెట్టేవాడు, ఆమె వంతు అయ్యేదాకా ఆగమని.

తర్వాత క్యాసెట్లు రాలేదు. ఒక దసరా పోయింది, ఇంకో దసరా పోయింది. రాయికల్ ఆయన ఒకడు సెలవు మీద వస్తే అడిగాను. అతను నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. వీరేందర్ కంపెనీ విడిచిపెట్టి ఖల్లివెల్లి అయ్యాడట. కాగితాలు లేకుండా దొంగచాటుగా పని చేసుకునేవాణ్ణి మావైపు అలా అంటారు. పట్టుబడితే జైలు, ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఈ మాట సాయవ్వకు ఎలా చెప్పాలా అని నేను నీళ్ళు నములుతుంటే, ఆమె మెట్టు మీద నుంచే, "ఇన్న మొగిలీ. నా చెవులు మంచిగనే ఉన్నయి" అంది. ఆ రోజు లాంతరోళ్ళను పెట్టమనలేదు. మరునాడు వచ్చి మళ్ళీ పెట్టమంది.

అలా ఉండగా ఒక రోజు సాకేత్ రావు పేపరు పట్టుకుని పరుగున వచ్చాడు. లాంతరోళ్ళు హైదరాబాద్ వస్తున్నారు. అతని చెల్లెలు మనస్విని అక్కడ చదువుతోంది, టికెట్లు తీసి పెట్టిందట. మేము ముగ్గురం చిన్నపిల్లల్లా ఎగిరాం. ఎన్నేళ్ళ పంచాయితీ, ఇక తెగిపోతుంది. ముత్తయ్య అప్పుడే మైక్‌సెట్టు గురించి మొదలుపెట్టాడు. మెట్టు మీద నుంచి సాయవ్వ లేచి నిలబడింది.

"నేను గూడ అస్త" అంది.

"నువ్వెందుకు సాయవ్వా? మస్తు లొల్లి ఉంటది" అన్నాను.

"నా కొడుకు వాళ్ళ తాన జీతమున్నడు గద. అస్తడు."

అప్పుడు తెలిసింది మాకు, ఇన్నాళ్ళూ ఆమె మనసులో ఏముందో. కొడుకు "లాంతరోళ్ళ తాన పని జేస్తున్న" అన్నాడు. ఎవరి దగ్గరైనా పని చెయ్యడమంటే ఆమెకు తెలిసింది ఒకటే. జీతం ఉండడం. దొర దగ్గర ఏడాదికి కుదిరి, దొర ఎక్కడికి పోతే అక్కడికి పోవడం. కంపెనీ, ఖల్లివెల్లి ఇవన్నీ విన్నది. అయినా లాంతరోళ్ళు కదిలితే కొడుకూ కదులుతాడనే నమ్మింది.

సాకేత్‌కు అబద్ధం చేతకాదు. "గట్ల ఉండదు సాయవ్వా. గాడ ఏదో కంపెనీ స్టేజి కట్టింది, గంతటితోని అయిపోయింది. వాళ్ళెంబడి వీరేందరన్న ఎందుకు తిరుగుతడు?" అన్నాడు.

"నువ్వు ఊకో దొరా. జీతమున్నోడు దొర ఎంబడి పోక ఏడికి పోతడు? మీ తాత కచ్చురం బండ్ల పోతుంటె ఎంబడి జీతగాళ్ళు ఉర్కకపోయిన్రా?"

సాకేత్ ముఖం ఎర్రబడింది. "నన్ను దొరా అనకుమని ఎన్నిసార్లు జెప్పిన?" అన్నాడు.

"మరి దొరను దొరనకుంటె ఏమనాలె?" అని ఆమె నిజంగానే అడిగింది. అతను లేచి జగిత్యాల బస్సుకు వెళ్ళిపోయాడు. మరునాడు వచ్చి, "నాలుగో టికెట్టు గూడ తీసుకొమ్మని చెల్లెకు జెప్పిన" అన్నాడు.

సాయవ్వ బీడీల పని ఒకరోజు మానుకుంది. నేనెరిగి ఆమె పని మానడం అదే మొదలు. మంచి చీర కట్టుకుని, సర్వపిండి చేసి, మూట కట్టుకుని బస్సెక్కింది. మూట చాలా పెద్దది. మా నలుగురికి అంత అక్కరలేదు. ఎవరికోసమో మేము అడగలేదు.

మైదానం చేరేసరికి ఎండ ఇంకా దిగలేదు. గేటు తెరవలేదు. సాయవ్వ గేటు వైపు చూడనే లేదు, స్టేజి వెనక ఇనుప పైపులు కనిపించిన వైపు నడిచింది. ఆమె వెనక మేము. అక్కడ తడికల పక్కన పనివాళ్ళు నీడలో కూర్చున్నారు. సగం మంది బీహారువాళ్ళు, కొందరు పాలమూరువాళ్ళు. సాయవ్వ ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ పోయింది. చివరిదాకా చూసి, మళ్ళీ మొదటి నుంచి చూసింది.

"తంగళ్ళపల్లి వీరేందర్ ఉన్నడా గీడ? ఆగయ్య కొడుకు. లాంతరోళ్ళ తాన జీతమున్నడు. జర గట్టిగ మాట్లాడతడు" అంది.

పాలమూరు ఆయన ఒకడు లేచి వచ్చాడు. నడి వయసువాడు. "అవ్వా, వాళ్ళెంబడి మాలాంటోళ్ళు ఎవ్వరు రారు. ఏ ఊర్ల పాట ఉంటే ఆ ఊరోళ్ళే స్టేజి కడ్తరు. రేపు ఇది ఇప్పినంక మేం గూడ మా తొవ్వ పడ్తం" అన్నాడు.

సాయవ్వ అతని వైపు చాలాసేపు చూసింది. ఆ తర్వాత అక్కడే నేల మీద కూలబడింది. ఏడవలేదు. ఏడిస్తే మేము ఏదో ఒకటి చెప్పేవాళ్ళం. నాకు లాంతరోళ్ళ మీద, దుబాయ్ మీద, ఆ మైదానం మీద కోపం వచ్చింది. తిరిగిపోదాం పద అన్నాను. ముత్తయ్య కూడా తలూపాడు. ఆమె మూట విప్పి, సర్వపిండి ముక్కలు తుంచి, పనివాళ్ళందరికీ చేతికిచ్చింది. ఆ పాలమూరు ఆయనకు రెండు ఇచ్చింది. మూట ఖాళీ అయ్యాక గుడ్డ దులిపి మడతపెట్టింది.

"గింత దూరం అచ్చినం. ఇని పోదాం" అంది.

లోపల అంతా కుర్రకారు. ముసలామెను చూసి దారిచ్చారు. మనస్విని చెవుల్లో పెట్టుకోమని దూది ఇవ్వబోతే, "చెవులు మూసుకోనీకె అచ్చిననా బిడ్డా?" అని తీసుకోలేదు. సాకేత్ మెడలో చిన్న టేపురికార్డరు వేలాడుతోంది. ముందే నొక్కి పెట్టాడు. లాంతరోళ్ళు వచ్చారు. చెప్పొద్దూ, నేను క్యాసెట్ పక్షం వాణ్ణే గానీ, మొదటి దెబ్బకు నా పక్కటెముకలు అదిరాయి. ముత్తయ్య నోరు తెరిచి మూయలేదు. సాయవ్వ మాత్రం నా భుజం పట్టుకుని, రేషను వరుసలో నిలబడ్డట్టు ఓపికగా నిలబడింది.

ఆమె పాట మొదలైంది. నా భుజం మీద చెయ్యి తీసేసింది. మొదటి ఉరుము. రెండోది. మూడోది. అంతా బంద్. ఆ చోట జనం ఒక్కపెట్టున కేకలు వేశారు. ఆ కేకల్లో సాయవ్వ మెడ చాచి ఏదో అరిచింది. పెదాలు కదలడం కనపడింది, మాట నాకు వినపడలేదు. గిటారు అందుకుంది. ఆమె కళ్ళు కొంగుతో తుడుచుకుని మళ్ళీ నా భుజం పట్టుకుంది.

తిరుగు బస్సులో మా అభిప్రాయాలు మొదలయ్యాయి. మైక్‌సెట్టు బ్రహ్మాండమని ముత్తయ్య. పాడేవాడి గొంతు అలిసిందని సాకేత్. బాగుంది కానీ మళ్ళీ వెనక్కి తిప్పలేం కదా అని నేను. కిటికీ పక్కన సాయవ్వ నిద్రపోయిందనుకున్నాం.

"మూడోసారి తొందర్ల కొట్టిండు. తొందర్లనే అందుకున్నడు" అంది కళ్ళు తెరవకుండానే. "మా వీరేందర్‌కు జాగ ఇయ్యలే."



మరునాడు సాకేత్ నింపుకొచ్చిన క్యాసెట్ దుకాణంలో పెట్టి విన్నాం. జనం గోల తప్ప ఏమీ లేదు. ముత్తయ్య విసుక్కున్నాడు. కానీ మూడో ఉరుము దగ్గర, గోలనంతా పక్కకు తోసినట్టు, టేపురికార్డరుకు మూరెడు దూరంలో నిలబడిన మనిషి గొంతు వచ్చింది.

"ఇంటున్న కొడుకా! నేను ఇంటున్న! ఏడున్నవురా? ఉత్తచేతులతోనైన సరే, ఇంటికి రా!"

మెట్టు మీద సాయవ్వ సిగ్గుపడింది. "నా గొంతు గింత బొంగురుంటదా?" అంది. సాకేత్ ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు.  తర్వాత నా వైపు తిరిగి, "అన్నా, నీ తాన పాటలు నింపుకొని ఎందరు పోతరు గల్ఫ్‌కు?" అని అడిగాడు. అతనేం అంటున్నాడో నాకు వెంటనే అర్థమైంది.

ఆ రోజు నుంచి గల్ఫ్ పోయే ఏ క్యాసెట్ నింపినా, చివర్లో కాస్త టేపు మిగిల్చి, ఆ ముక్క కలిపాను. మూడు ఉరుములు, సాయవ్వ మాట. ఒగ్గు కథ తర్వాత అదే, భజనల తర్వాత అదే. మెట్‌పల్లివాడైనా, రాయికల్‌వాడైనా, సిరిసిల్లవాడైనా అది మోసుకుపోవలసిందే. నన్ను తిట్టినవాళ్ళు చాలామంది. ఒకడు సెలవు మీద వచ్చి, "ఏంది మొగిలన్నా, మల్లన్న కథ అయిపోంగనే ఎవలో ముసల్ది ఇంటికి రా అని మొత్తుకుంటున్నది. మా రూములందరు లేచి కూసున్నరు. ఇద్దరైతె ఏడ్సిన్రు" అన్నాడు. క్షమించమన్నాను. కలపడం మాత్రం మానలేదు.

మళ్ళీ ఎండలు వచ్చాయి. మధ్యాహ్నం దుకాణం ముందు తడక దించుకుని కూర్చున్నాం. సాయవ్వ మెట్టు మీద చేటతో, సాకేత్, ముత్తయ్య బెంచీ మీద. రాయికల్ ఆయన వచ్చాడు. వీరేందర్ ఖల్లివెల్లి అయ్యాడని చెప్పిన ఆయనే. సంచిలో నుంచి ఒక క్యాసెట్ తీసి సాయవ్వ చేటలో పెట్టాడు. "దుబాయ్ పక్కన అజ్మాన్‌ల ఒకాయన ఇచ్చిండు. కోరుట్ల మొగిలన్న దుకాణం పక్కన సాయమ్మకు అన్నడు" అన్నాడు.

సాయవ్వ దాన్ని తంబాకు చేతులతోనే తీసి నాకిచ్చింది.  పెట్టి నొక్కాను. ఏసీ మోత. ఎవరో దగ్గారు. తర్వాత గొంతు. ఎప్పుడూ అరిచే గొంతు, ఇప్పుడు దొంగతనంగా మాట్లాడినట్టు మెల్లగా ఉంది.

"అవ్వా... ఇన్న."

సాకేత్ లేచి నిలబడ్డాడు.

"రూముల ఒకాయన పాటలు పెట్టిండు. నడుమ నీ గొంతచ్చింది. మా అవ్వ అన్న. ఎవ్వలు నమ్మలే. మల్ల మల్ల పెట్టించుకొని ఇన్న. చేతిల ఏం లేకుంట ఏ మొకం పెట్టుకొని రావాలె అని గిన్నేండ్లు ఊకున్న అవ్వా. ఉత్తచేతులతోనైన సరే అన్నవు. గీడ సర్కారు కాయిదాలు లేనోళ్ళను జైల్ల పెట్టకుంటనే ఇంటికి పంపిస్తున్నదట. ఔట్‌పాస్‌కు లైన్ల నిలవడ్త..." గొంతు ఆగింది. మళ్ళీ వచ్చింది. "రావాల్నా అవ్వా?"

అడిగి ఊరుకున్నాడు. మర్యాద మరిచిపోలేదు. టేపు ఉత్తదే తిరుగుతోంది. మేమంతా సాయవ్వ వైపు చూశాం. ఇన్నేళ్ళుగా ఒక్కనాడు కూడా ఆమె వంతు తప్పలేదు. ఇప్పుడు నోరు తెరిచింది, పెదాలు కదిలాయి, గొంతు రాలేదు. చేట ఒడిలో నుంచి జారి తంబాకు మెట్టు మీద ఒలికింది. టేపు తిరుగుతూనే ఉంది. ఆమె చెయ్యి ఎత్తి ఆగు ఆగు అన్నట్టు పెట్టె వైపు ఊపింది.

"సరే అవ్వా" అంది వీరేందర్ గొంతు. "అయితె అస్తున్న."

క్యాసెట్ అయిపోయింది. ముత్తయ్య ముఖం అటు తిప్పుకున్నాడు. సాకేత్ కింద కూర్చుని తంబాకు చేటలోకి ఎత్తుతున్నాడు. సాయవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని, రెండుసార్లు గొంతు సవరించుకుంది.

"మల్ల ఎనుకకు తిప్పు మొగిలీ" అంది. "నేను జెప్పనే లేదు."

నేను తిప్పాను.